ఎక్కడ కొలిచావు, ఎప్పుడు కొలిచావు

(పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పిల్లలు కొంచెం వెనక్కి జరగండమ్మా, బల్ల మీదున్నది కరెంటు సామాను, ఆడుకునే సామాను కాదు. ఏమేం తెచ్చానంటే, ఒక ఇస్త్రీ పెట్టె, ఒక పాత 60 వాట్ల బల్బు, వోల్టులు, ఓములు కొలిచే మల్టీమీటరు ఒకటి, వైరు చుట్టూ వేసి ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు ఒకటి, నీళ్ళు కాచే కెటిల్ ఒకటి. కెటిల్ ఎందుకో చివర్లో తెలుస్తుంది, టీ పొడి కూడా తెచ్చాం.

లెక్క ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అది అర నిమిషం పని. వోల్టులంటే కరెంటుని తోసే బలం, ఆంపియర్లంటే పారే కరెంటు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది, ఓముల్లో. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే పవర్ వస్తుంది, వాట్లలో. అంతే. ఎనిమిదో క్లాసు పిల్లవాడు కూడా చేసేస్తాడు. మరి అంత సులువైన లెక్క చేతిలో ఉండి కూడా మనం మోటార్లు ఎందుకు కాల్చుకుంటున్నాం, ఐటీఐ పాసైన కుర్రాళ్ళు కూడా మీటరు పట్టుకుని ఎందుకు తప్పు చెబుతున్నారు, ఈరోజు నేను మాట్లాడేది దాని గురించి.

రెసిస్టెన్స్ అన్నాను కదా, తెలుగు పుస్తకంలో నిరోధం అంటారు, ఇక్కడ ఒడియా మీడియం పిల్లలు ప్రతిరోధ అని చదువుకుంటారు. నేను అడ్డు అంటాను. ఇది గిడుగు రామమూర్తి గారు రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పిన ఊరు, మాట్లాడే భాషే రాయాలని ఆయన పోట్లాడారు, కాబట్టి ఈ ఊళ్ళో నిలబడి 'అడ్డు' అంటే ఎవరూ నన్ను తప్పు పట్టరనుకుంటున్నాను. (నవ్వులు)

సరే, మొదట ఇస్త్రీ పెట్టె. దీని వెనక 230 వోల్టులు, 1000 వాట్లు అని రాసుంది. ఇప్పుడు గోడ ప్లగ్గులో వోల్టేజి చూద్దాం, ఇంకా ఏమీ పెట్టలేదు. 231. బాబూ, బోర్డు మీద రాయి, 231. ఇప్పుడు ఇస్త్రీ పెట్టె పెడుతున్నాను. ఈ ఎక్స్‌టెన్షన్ వైరు నేను తయారు చేసుకున్నది, పై తొడుగు ఒక జానెడు కోసి లోపలి వైర్లు విడదీశాను, ఇన్సులేషన్ మాత్రం అలాగే ఉంది. ఎందుకలా? క్లాంప్ మీటరు ఒక్క వైరు చుట్టూనే వెయ్యాలి. రెండు వైర్లూ కలిపి పట్టేస్తే వెళ్ళే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. ఒక కుర్రాడు నాకు ఫోన్ చేసి, 'మాస్టారూ, మోటారు తిరుగుతోంది కానీ కరెంటు తీసుకోవట్లేదు' అన్నాడు. అలాంటి మోటారు దొరికితే నాకూ ఒకటి కొనిపెట్టరా అన్నాను.

ఇప్పుడు చూడండి, ఆంపియర్లు 4.2. వోల్టులు మళ్ళీ చూడండి, 231 కాదు, 222 అయింది. పెట్టె వేడెక్కి లోపలి థర్మోస్టాట్ కరెంటు కట్ చేసేలోపు రాసుకోండి.

ఇప్పుడు అడ్డు ఎంత? ఎవరో 55 అన్నారు. వెనకాల ఎవరో 52.9 అన్నారు. 55 అన్నవాళ్ళు 231ని 4.2తో భాగించారు. భాగహారం తప్పు కాదు. కానీ ఆ 231 ఇస్త్రీ పెట్టె పెట్టక ముందుది, ఈ 4.2 పెట్టిన తర్వాతది. నిన్నటి పాల ఖర్చుని ఇవాళ్టి లీటర్లతో భాగించి లీటరు ధర చెప్పినట్టుంది. 222ని 4.2తో భాగిస్తే 52.9 ఓములు. ఇక పెట్టె మీద రాసిన దాంతో సరిచూద్దాం: 1000 వాట్లు, 230 వోల్టులు, అంటే 4.35 ఆంపియర్లు, అడ్డు 52.9. సరిపోయింది. పవర్ ఇప్పుడు ఎంత? 222 × 4.2, అంటే 932 వాట్లు. వెయ్యి కాదు.

ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు మీరు: వోల్టులు, ఆంపియర్లు రెండూ ఒకే సామానువి అయ్యుండాలి, ఒకే సమయంలో కొలిచినవి అయ్యుండాలి. ఎక్కడ కొలిచావు, ఎప్పుడు కొలిచావు. భాగహారం మీ చేతిలో ఫోనే చేసిపెడుతుంది.

వోల్టేజి పడితే ఎంత తేడా వస్తుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది కొంచెం తగ్గితే కొంచెమే తగ్గుతుంది అనుకుంటారు. మా ఇంట్లో బకెట్లో పెట్టే హీటరు కడ్డీ ఉంది, 1500 వాట్లది. దాని అడ్డు 35 ఓముల పైచిలుకు. చలికాలం తెల్లవారుజామున ఊరంతా ఒకేసారి కడ్డీలు పెడితే లైన్లో 170 వోల్టులే ఉన్న రోజులున్నాయి. 170కి ఆ కడ్డీ ఇచ్చేది దాదాపు 820 వాట్లు. వోల్టులు నాలుగో వంతు తగ్గాయి, పవర్ దాదాపు సగానికి పడిపోయింది, ఎందుకంటే వోల్టేజి తగ్గితే దానితోపాటు కరెంటు కూడా తగ్గుతుంది, దెబ్బ రెండుసార్లు పడుతుంది. 20 లీటర్ల బకెట్టు, 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకి తేవాలంటే మంచి వోల్టేజిలో 28 నిమిషాలు, ఆ పాడు వోల్టేజిలో 51. ఇంట్లో స్నానాల దగ్గర గొడవలన్నీ ఆ 23 నిమిషాల్లోవే.

ఇప్పుడు బల్బు. ఇది దొరకడమే కష్టమైపోయింది, అందరూ ఎల్ఈడీలకి మారిపోయారు. మల్టీమీటరు ఓముల్లో పెట్టాను, బల్బుకి కరెంటు లేదు, జాగ్రత్త, ఓముల్లో పెట్టినప్పుడు కరెంటు ఉండనే కూడదు. 65 ఓములు. ఇప్పుడు ఎవరైనా లెక్క వెయ్యండి, 230ని 65తో భాగిస్తే మూడున్నర ఆంపియర్లు, గుణిస్తే 800 వాట్ల పైన. 60 వాట్ల బల్బు 800 వాట్లా? వెలిగించి చూస్తే తీసుకునేది పావు ఆంపియరే, 0.26. అంటే వెలుగుతున్నప్పుడు దాని అడ్డు దాదాపు 880 ఓములు. 65 ఎక్కడ, 880 ఎక్కడ! మీటరు అబద్ధం చెప్పలేదు. లోపలున్న టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు 65, రెండున్నర వేల డిగ్రీలకి కాలినప్పుడు 880. లోహం వేడెక్కితే అడ్డు పెరుగుతుంది. ఇస్త్రీ పెట్టెలో ఉండేది నిక్రోమ్ తీగ, అది వేడికి పెద్దగా మారదు, అందుకే దాన్ని చల్లగా కొలిచినా వేడిగా కొలిచినా దాదాపు ఒకటే. బల్బు చాలాసార్లు స్విచ్ వేసిన క్షణంలోనే ఠప్‌మని పోతుంది చూడండి, కారణం ఇదే, ఆ మొదటి క్షణంలో తీగ ఇంకా చల్లగా ఉండి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఓమ్ గారి కథ చెప్పాలి ఇక్కడ. ఆయన పేరు గేయోర్గ్ సైమన్ ఓమ్, జర్మనీలో 1789లో పుట్టాడు, తండ్రి తాళాలు చేసే పనివాడు. ఓమ్ కొలోన్‌లో బడిపంతులు. ఆయన కూడా మొదట తప్పే చేశాడు, అది నాకు భలే ధైర్యం ఇస్తుంది. 1825లో ఆయన వాడిన బ్యాటరీలు కరెంటు లాగేకొద్దీ వోల్టేజి పడిపోయేవి, ఇందాక ఈ ప్లగ్గులో 231 కాస్తా 222 అయినట్టు. ఆ పడిపోయే వోల్టేజి మీద కొలిచి ఆయన కట్టిన సూత్రం తప్పు, ఏదో లాగరిథమ్‌తో వంకరగా వచ్చింది. అప్పుడు పోగెండార్ఫ్ అనే ఆయన సలహా ఇచ్చాడు, బ్యాటరీ వదిలేసి, రెండు లోహాల అతుకుల్ని ఒకటి వేడిగా ఒకటి చల్లగా ఉంచితే పుట్టే కరెంటు వాడు, అది నిలకడగా ఉంటుంది అని. ఓమ్ బిస్మత్, రాగి కలిపి, ఒక అతుకు మరిగే నీళ్ళలో, ఇంకొకటి మంచులో పెట్టాడు. నీళ్ళు మరుగుతున్నంతసేపు వేడి అంతే ఉంటుంది, మంచు కరుగుతున్నంతసేపు చలి అంతే ఉంటుంది, కాబట్టి వోల్టేజి కదలదు. అప్పుడు వేర్వేరు పొడవుల రాగి తీగలు మార్చి మార్చి చూస్తే ఇవాళ మనం వాడే సూత్రం తిన్నగా బయటపడింది. 1827లో పుస్తకం వేశాడు. సొంత దేశంలో వెంటనే పట్టించుకున్నవాళ్ళు తక్కువ, ఉద్యోగం కూడా వదులుకున్నాడు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ మెడల్ ఇచ్చింది. అంతటివాడు కూడా వోల్టేజి ఎప్పుడు కొలవాలన్న దగ్గరే జారాడు, మనమెంత.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా బావకి కాశీనగరం పక్కన, వంశధార ఒడ్డున కూరగాయల తోట ఉంది. బావిలో ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. ఏడాదిలో రెండుసార్లు వైండింగ్, అంటే మోటారు లోపలి తీగ చుట్ట, కాలింది. మొదటిసారి వైండింగ్ కట్టినవాణ్ణి తిట్టాడు, రెండోసారి మోటారు కంపెనీని తిట్టాడు, మూడోసారి మొదలుపెట్టినప్పుడు గుయ్‌మని మూలుగుతోంది తప్ప తిరగట్లేదని నన్ను పిలిచాడు. 'ఏటి బావా, నీ చదువంతా ఉండి నా మోటారు ఇలాగేనా' అన్నాడు.

వెళ్ళాను. మోటారు ఆపి ఉండగా స్టార్టర్ దగ్గర వోల్టేజి చూస్తే 228. బావ, 'చూశావా, వోల్టేజి బాగానే ఉంది' అన్నాడు. అంతకుముందు వచ్చినవాళ్ళందరూ అక్కడే ఆగిపోయారు. ఆపి ఉన్న మోటారుకి 228 ఉంటే ఏం లాభం, కరెంటు పారనప్పుడు దారిలో ఎంత అడ్డున్నా వోల్టేజి పడదు కదా. తలుపు తియ్యకుండా తలుపు బిగుసుకుందో లేదో ఎలా తెలుస్తుంది?

అవస్థపడి తిప్పాం. తిరుగుతుండగా చూస్తే ఆంపియర్లు 7, ఆ మోటారు తియ్యాల్సింది 6. మీటరు పక్కన మెయిన్ స్విచ్ దగ్గర 219 వోల్టులు. 120 మీటర్ల అవతల స్టార్టర్ దగ్గర 195. ఈ మధ్యలో 24 వోల్టులు ఎవరో తినేస్తున్నారు.

వైరు తినేది ఎంతో లెక్క కట్టొచ్చు. అది 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు, కిలోమీటరుకి సుమారు 7 ఓములు. 120 మీటర్లు పోవాలి, 120 మీటర్లు రావాలి, 240. ఈ రాకడ వైరుని లెక్కలో మర్చిపోయేవాళ్ళు చాలామంది. మొత్తం 1.7 ఓములు అనుకోండి, 7 ఆంపియర్లకి 12 వోల్టులు. మిగతా 12 ఎక్కడ? వైరు వెంబడి నడిచాను. సగం దూరంలో పనస చెట్టు కింద ఒక ముడి ఉంది, టేపు నల్లబడి, అంచులు కరిగి, దగ్గరికెళితే కాలిన రబ్బరు వాసన. మెయిన్ ఆపి టేపు విప్పి, మళ్ళీ మెయిన్ వేసి మోటారు తిప్పి, మీటరు ఒక పుల్ల ముడికి ఇటు, ఒక పుల్ల అటు పెట్టాను. 12 వోల్టులు. మీరు ఇలా చెయ్యకండి, ఇది తెరిచిన కరెంటు వైరు, రబ్బరు చెప్పులు, చేతి తొడుగులు, పక్కన మనిషి, అన్నీ ఉండి చేసింది. మంచి ముడికి ఇటూ అటూ చూస్తే మీటరు దాదాపు ఏమీ చూపించకూడదు.

12ని 7తో భాగిస్తే 1.7 ఓములు. అంటే 240 మీటర్ల వైరంతా కలిపి ఎంత అడ్డో, అంగుళంన్నర ముడి ఒక్కటీ అంత అడ్డు. ఇక గుణించండి, 12 × 7, 84 వాట్లు. వినడానికి చిన్నగా ఉంది. రేడియో బాగుచేసేవాళ్ళు సీసం కరిగించే సోల్డరింగ్ కడ్డీ 25 వాట్లది. అలాంటివి మూడు పైగా ఆ ముడి లోపల పెట్టి టేపు చుట్టి, ఎండు పనస ఆకుల మీద పడుకోబెట్టినట్టు. కరెంటు బిల్లు మాట అడిగితే, రోజుకి మూడు గంటలు వేసినా నెలకి ఏడున్నర యూనిట్లు, అది పెద్ద లెక్క కాదు. భయం బిల్లు గురించి కాదు.

మోటారు ఎందుకు మూలిగిందో కూడా అక్కడే ఉంది. మొదలయ్యే క్షణంలో మోటారు మామూలుకి అయిదు రెట్లు లాగాలని చూస్తుంది, 30 ఆంపియర్లు అనుకోండి. దారిలో అడ్డు వైరు 1.7, ముడి 1.7, మొత్తం 3.4. 30తో గుణిస్తే వంద వోల్టులు దారిలోనే పోతాయి. వోల్టేజి పడితే కరెంటు కూడా తగ్గుతుంది కనుక సరిగ్గా అంత కాదు, కానీ మోటారుకి దక్కేది మాత్రం మూడింట రెండు వంతుల వోల్టేజికి కాస్త అటూ ఇటూ. ఆ వోల్టేజికి దాని తిప్పే బలం సగం కూడా ఉండదు. బావిలోంచి నీటి బరువు మోస్తూ ఆ సగం లోపు బలంతో లేవలేక గుయ్‌మంటుంది, లేవనంతసేపు ఆ కరెంటంతా వైండింగ్‌ని కాలుస్తుంది. ఎలాగో లేచినా తక్కువ వోల్టేజిలో అదే నీళ్ళు తోడడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, 6 కాస్తా 7 అయింది అందుకే. వైండింగ్ కట్టినవాడి తప్పూ లేదు, కంపెనీ తప్పూ లేదు.

ఆ ముడి వేసింది ఎవరో చెప్పలేదు కదూ. (కాసేపు ఆగి) 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి మన గజపతి జిల్లాలో స్తంభాలన్నీ పడిపోయినప్పుడు, పనస కొమ్మ పడి బావ వైరు తెగింది. కరెంటు తిరిగొచ్చిన రోజు తోట ఎండిపోతోంది, తొందరగా కానిమ్మన్నాడు, చేతిలో అల్యూమినియం ముక్క లేదు, రాగి ముక్క ఉంది. రాగికీ అల్యూమినియానికీ ముడేసి టేపు చుట్టి వచ్చాను, తర్వాత మారుస్తానని. నేనే. ఆ రెండు లోహాలు నేరుగా కలిస్తే తడికి తుప్పు పడుతుంది, అల్యూమినియం మీద పొర కడుతుంది, ఆ పొర కరెంటుని పోనివ్వదు, వేడెక్కుతుంది, వేడికి ముడి వదులవుతుంది, వదులైతే ఇంకా వేడి. ఇవన్నీ నేను పిల్లలకి పాఠం చెప్పినవే. కనుక్కున్న రోజు బావ ఒక్క మాట కూడా అనలేదు, అక్క మాత్రం అన్నం పెడుతూ రెండు వైండింగుల ఖర్చు ఎంతయిందో పైసలతో సహా చెప్పింది. (నవ్వులు) కొత్త వైరు ముక్క వేసి, అల్యూమినియం స్లీవు పెట్టి నొక్కించాక, తిరుగుతుండగా స్టార్టర్ దగ్గర 209, ఆంపియర్లు 6.3.

ఎవరో చెయ్యి ఎత్తారు. అడగండమ్మా.

(ప్రశ్న: మోటారు ఆపి వైండింగ్ ఓములు కొలిచి, దాంతో వోల్టుల్ని భాగిస్తే కరెంటు రాదా మాస్టారూ?)

రాదు. ఆ వైండింగ్ కొలిస్తే నాలుగైదు ఓములు చూపిస్తుంది. 230ని 4తో భాగిస్తే 57 ఆంపియర్లు, మీరు హడలిపోతారు. తిరుగుతున్న మోటారు, చుట్ట చుట్టిన తీగ, ఏసీ కరెంటుకి వేరే రకంగా కూడా అడ్డుపడతాయి, అది ఓమ్ మీటరుకి కనపడదు. గుణకారం దగ్గరా అంతే, మోటారుకి ఉత్తగా వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వాట్లు ఎక్కువ వస్తాయి, 195 × 7 అంటే 1365, దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే అందులో నిజంగా పవర్ అయ్యే వంతుతో, ఇలాంటి మోటారుకి 0.85 అనుకోండి, మళ్ళీ గుణిస్తే 1160 వాట్లు, అసలు పవర్ అది. ఇస్త్రీ పెట్టె, కడ్డీ, కెటిల్ లాంటి వేడి సామాన్లకే ఉత్త గుణకారం. కొమ్ము బొమ్మలు పాలిష్ చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చినట్టున్నారు, మీ బఫింగ్ మోటారుకి కూడా ఇదే లెక్క.

ఇప్పుడు కెటిల్. ముందు మీరు చెప్పాలి, తర్వాత మీటరు చెబుతుంది. ఇందాక ఇస్త్రీ పెట్టె పెడితే 231 కాస్తా 222 అయింది, 9 వోల్టులు పోయాయి, 4.2 ఆంపియర్లకి. భాగిస్తే 2.1 ఓములు. అది ఇస్త్రీ పెట్టెది కాదు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఈ ప్లగ్గు వరకూ ఉన్న దారిది, స్తంభాల మీది వైర్లు, సర్వీసు వైరు, ఫ్యూజు కటౌటు, అన్నీ కలిపి. చూశారా, గోడ పగలగొట్టకుండా గోడ లోపల వైరు అడ్డు తెలిసిపోయింది. కెటిల్ 1500 వాట్లు, అడ్డు 35. ఇస్త్రీ పెట్టె 53 దాని పక్కన కలిస్తే రెండూ కలిపి 21. దారి 2.1. మొత్తం 23 చిల్లర. 231ని భాగిస్తే 10 ఆంపియర్లకి కొంచెం తక్కువ, దారిలో 21 వోల్టులు పోతాయి. ప్లగ్గులో ఎంత ఉండాలి? 210. రాయి బాబూ, 210.

ఇస్త్రీ పెట్టె వేడి గుండ్రం ఆఖరికి తిప్పు, మధ్యలో కట్టవకూడదు. కెటిల్లో నీళ్ళున్నాయా? పెడుతున్నాను. చూడండి, చదువు గట్టిగా.

(ముందు వరస నుంచి: రెండొందల పదకొండు!)

పదకొండు. ఒక్క వోల్టు తేడా, ఈలోపు వీధిలో ఎవరో ఏదో ఆపేసి ఉంటారు. ఇస్త్రీ పెట్టె తీసెయ్యండి, పాపం కెటిల్‌కి వోల్టేజి రానివ్వండి, ఇరవై మందికి టీ కావాలి.